రంగమ్మాళ్ నోట రాని పేరు

పోయిన వారం నటరాజన్‌ని ఊరి గ్రామాధికారి, అదే వి.ఏ.ఓ., ఆఫీసు ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో, చేతిలో చిట్టా కాగితంతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఇంకా అక్కడే ఉంచితే మనిషికి వడదెబ్బ తగులుతుంది. లోపలికి తీసుకువద్దాం.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవారికి రెండు మాటలు. తిరుమంగళానికి పడమటగా నల్లరేగడి నేలల్లో చిన్నబొమ్మపట్టి అనే ఊరుంది. రంగమ్మాళ్‌ది ఆ ఊరు, వయసు డెబ్బై ఏడు. పెద్దకొడుకు నటరాజన్‌కి తిరుమంగళంలో పత్తి మిల్లుంది. చిన్నకొడుకు హరిహరన్‌కి ఆ మిల్లులో మేనేజరు అని పేరు, అన్న చెప్పినదానికల్లా తల ఊపడం పని. కూతురు సెల్లాయి మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి పదకొండేళ్ళయింది. ఇంటి వెనకనున్న రెండెకరాల నలభై సెంట్ల చేనులో మిరపా మొక్కజొన్నా వేసుకుని, తన కూతురు లోకేశ్వరిని డిగ్రీ దాకా చదివించింది. ఆ చేనునే ఇప్పుడు సోలార్ కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. అన్నదమ్ములు సరేనన్నారు. అమ్మాలంటే పట్టా కావాలి కదా అని నటరాజన్ దర్జాగా వెళ్ళి కాపీ తీయిస్తే, ప్రాణం పోయినంత పనైంది. పట్టా చచ్చిపోయిన తండ్రి పేరున లేదు. "సెల్లాయి, తండ్రి గోవిందరాజ్" అని ఉంది.

ఎనభై నాలుగులో ప్రభుత్వం భూములన్నీ మళ్ళీ కొలిచి కొత్త రిజిస్టర్లు రాయించింది. ఆ ఏడు సెల్లాయికి మూడేళ్ళు. మూడేళ్ళ పిల్ల పేరున పట్టా ఎట్లా పడింది? నటరాజన్ బుర్ర మంచిది, ఎండలో ఇంకా బాగా పనిచేస్తుంది. అక్కడ నిలబడే కారణం కనిపెట్టేశాడు: అమ్మ నాన్న పేరు పలకదు!

నిజమే, పలకదు. ఆ ఇళ్ళలో పెద్దతరం ఆడవాళ్ళెవరూ మొగుడి పేరు నోట పట్టరు కాని, రంగమ్మాళ్ పట్టుదల వేరు. నటరాజన్ తన కొడుక్కి ఆచారం ప్రకారం తాత పేరే పెట్టాడు. మనవణ్ణి పిలవాలంటే మొగుడి పేరు నోటికి వస్తుందని ఆమె ఆ పిల్లాడికి వినోత్ అని తనే ఇంకో పేరు తగిలించింది. ఊరంతా ఇప్పుడు వాణ్ణి వినోత్ అనే అంటుంది. పురట్టాసి నెల శనివారాల్లో పెరుమాళ్ గుడిలో జనమంతా "గోవిందా, గోవిందా" అని గొంతు చించుకుంటుంటే ఆమె ఒక్కతే "సామీ, సామీ" అంటుంది. దేవుడికి పాపం మొగుడి పేరుండటం దేవుడి తప్పని ఆమె అభిప్రాయం.

కనుక నటరాజన్ లెక్క ఇది. సర్వే ఆయన చేను దగ్గరకొచ్చి ఎవరిదమ్మా అని అడిగి ఉంటాడు. ఈమె "సెల్లాయి వాళ్ళ నాయనది" అని ఉంటుంది. నాయన పేరు ఎంత అడిగినా చెప్పి ఉండదు. విసిగి సెల్లాయి అని రాసి పోయి ఉంటాడు. ఇంటికొచ్చి అమ్మను అడిగితే అమ్మ అవుననలేదు, కాదనలేదు, మునగాకు దూసుకుంటూ కూర్చుంది. మౌనం చూసి నటరాజన్ ఒప్పుకున్నట్టే లెక్కేశాడు. వకీలు దాన్ని మూడు పేజీల అర్జీ చేశాడు. ఈ బుధవారం పదకొండు గంటలకు తాలూకా ఆఫీసులో విచారణ.

*

కొడుకులు తల్లిని కారులో తీసుకెళ్ళారు. సెల్లాయీ లోకేశ్వరీ బస్సులో వెళ్ళారు. ఒకే వాకిట్లోనుంచి, ఒకే ఆఫీసుకి, ఒకే పని మీద. కారులో ఇంకా ఇద్దరు పట్టేవారు కాని ఎవరూ ఎక్కమనలేదు, వీళ్ళూ అడగలేదు.

హరిహరన్ నడిపే కారులో ముందు సీటులో కూర్చున్న రంగమ్మాళ్‌కి వెనకనుంచి పాఠం నడిచింది.

"అమ్మా, మేడమ్ ఎవరి సేను అని అడిగితే ఏమి సెప్పవలె?" అన్నాడు నటరాజన్.

"మీ నాయనదని."

"పేరు సెప్పవలమ్మా. పేరు! యాడ, ఒక తడవ సెప్పి సూడు."

"కారులో ఏల సెప్పేది? ఆడ సెప్తా."

"ఆడ నోరు రాకపోతే?"

"రాకపోతే నువ్వు ఏమి సేస్తువు? నోరు నాది కదా," అంది రంగమ్మాళ్. హరిహరన్ అలవాటు కొద్దీ దానికి కూడా తల ఊపాడు.

ఆఫీసు వరండాలో బెంచీ మీద సెల్లాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిరప కోసి కోసి ఆ వేళ్ళ కొసలు ఎర్రగా ఉంటాయి. భయపడుతోంది. దాచుకోవడం కూడా చేతకాని మనిషి.

లోకేశ్వరి పని చేసేది ఇ-సేవై కేంద్రంలో. రోజుకి నలభైమందికి చిట్టాలు తీసిచ్చే పిల్ల. తల్లికి మట్టుకు ఆ కాగితాల సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

"మళ్ళా ఒక తడవ సెప్తా, వినుమా. పట్టాలో నీ పేరుండాది. చిట్టా అంటే ఆ పట్టా కింద ఎంత నేల, మెట్టా మాగాణా అని. అడంగల్ అంటే ఈ ఏడు ఏమి పంట వేసినారని. దాంట్లో మిరప అనుండాది, అది నువ్వు వేసిందే. అన్నీ నీ పక్కమే."

"అట్లయితే ఇంకేమి భయం?"

"పత్తిరం లేదు కదమ్మా! పట్టా అంటే పన్ను కట్టేవాళ్ళ పేరు. సేను నీకు ఎట్ల వచ్చెనని అడిగితే పత్తిరం సూపించవలె. నేల ఎవరి సేతులు మారెనో సూపించే విల్లంగం తీసి సూస్తిని. డెబ్బై అయిదు నుండి ఇప్పటి వరకు మన రిజిస్టర్ ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఒక పత్తిరమూ లేదు. అమ్మలేదు, కొనలేదు, ఇయ్యలేదు."

సెల్లాయి కూతురి చేతిలోని ఫైలు మూసింది. "నాకు పట్టా వొద్దు పాపా," అంది. "ఆ సేను నాకు వొదిలిపెడితే సాలు. ఇంక ఏ నేలా నాకు తెలీదు."

లోకేశ్వరికి తల్లి మీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. రెండూ పక్కన పెట్టి ఫైలు సర్దుకుంది, లోపలినుంచి పిలుపు వచ్చింది.

*

డిప్యూటీ తాసిల్దారు పేరు అభిరామి. ముప్పై అయిదేళ్ళుంటాయి. బల్లకి రెండు వైపులా ఎర్రగుడ్డలో కట్టిన రిజిస్టర్ల మూటలు, మధ్యలో ఆమె. అందరినీ తమిళంలో కూర్చోమంది, తమిళంలో అర్జీ చదివింది.

నటరాజన్ తమ్ముడి వైపు వంగి తెలుగులో గొణిగాడు. "ఈమెకి వయసు తక్కువ. రొంబ అడగదు. అమ్మ నోరు తెరవకపోతే నువ్వు వెనకనుండి కొంచెం పొడువు."

అభిరామి కాగితంలోనుంచి తల ఎత్తకుండా, చక్కని తెలుగులో, "పొడవడాలు వద్దండి. ఏళ్ళు పైబడిన మనిషి," అంది.

నటరాజన్ కుర్చీలో కాస్త వెనక్కి జరిగాడు. హరిహరన్ తల ఊపబోయి ఆపుకున్నాడు.

"మాది మేట్టుపాళయం పక్కన. మా ఇంట్లోనూ ఇదే మాట," అని అభిరామి రంగమ్మాళ్ వైపు తిరిగింది. "అవ్వా, మీకు ఏ మాట సౌకర్యమో ఆ మాటే మాట్లాడండి. నేను తమిళంలో రాసుకుంటాను."

రంగమ్మాళ్ ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "మేట్టుపాళయమా? ఆడ కూడా మనోళ్ళు ఉండారా?"

"ఉన్నాం అవ్వా. ఇప్పుడు చెప్పండి. ఈ చేను ఎవరిది?"

"మాదే."

"మాది అంటే?"

"మా ఇంటాయనది."

"ఇంటాయన పేరు?"

రంగమ్మాళ్ ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది. అది ఆగేదాకా చూస్తుందేమో అనిపించింది. ఆఖరికి, "సెల్లాయి నాయన," అంది.

నటరాజన్ కుర్చీలోనుంచి లేచాడు. "సూసినారా మేడమ్! ఇదే! ఆ దినమూ ఇట్లే సెప్పింది!"

"చూశాను. ఈ మాట నేను రాసుకుంటే నేనూ సెల్లాయి పేరే రాయాలి," అంది అభిరామి. "అర్జీ మీరే పెట్టారు, సాక్షి మీ అమ్మే. ఆమె నోటితో పేరు రావాలి."

తరువాత అరగంట ఆ గదిలో జరిగింది రిజిస్టరులో ఎక్కలేదు కనుక మనం ఇక్కడ రాసుకోవాలి. మొదట హరిహరన్ ఒక ఉపాయం చెప్పాడు. తను పేరు చెబుతాడు, అమ్మ తల ఊపుతుంది. తల ఊపడంలో అతనికున్న నమ్మకం అలాంటిది. ఊపులు రాసుకోవడానికి ఫారంలో గడి లేదంది అభిరామి. నటరాజన్ రేషన్ కార్డు తీశాడు. కార్డు కూడా సాక్ష్యం చెప్పదంది. ఇక అతను తల్లి ముందు గొంతుక్కూర్చుని బతిమాలడం మొదలుపెట్టాడు.

"అమ్మా, మా నాయన పేరు అని తలవవద్దు. వినోత్‌కి ఇస్కూల్లో ఏమి పేరుమా?"

"ఇస్కూల్లో ఏమి పేరు పెట్టుకొనిరో నాకేమి తెలుసు? నేను ఇస్కూలుకి పోతినా?"

"సరే, విడు. పురట్టాసి శనివారం గుడిలో అందరూ ఏమని అరుస్తారు?"

"సామీ అని."

"అది నువ్వమ్మా! అందరూ! అందరూ ఏమంటారు?"

"అందరి సంగతి నాకేల?"

లోకేశ్వరి నవ్వు ఆపుకోవడానికి పవిట కొస నోట్లో పెట్టుకుంది. అభిరామి కూడా కలం కింద పెట్టి, "మా అమ్మమ్మ ఇంతే," అంది. "మా తాత పేరు పళనిసామి. పళని పోదామని బస్సెక్కి 'కొండ మీద సామి ఉన్న ఊరికి ఒక టికెట్టు' అని అడిగేది. ఒకసారి ఆ కండక్టరు ఆమెను మరుదమలై దగ్గర దించేశాడు. కొండా ఉంది, సామీ ఉన్నాడు, ఆయనను అనడానికి లేదు. మా తాత రెండు రోజులు వెతికాడు."

అందరూ నవ్వారు. రంగమ్మాళ్ నవ్వలేదు. "అప్పటికీ సెప్పలేదు కదా మీ అమ్మమ్మ?" అని అడిగింది.

"చెప్పలేదు."

"మంచి మనిషి," అంది రంగమ్మాళ్.

గడియారం పన్నెండు దాటింది. బయట ఇంకో రెండు విచారణలకు జనం కూర్చుని ఉన్నారు. అభిరామి కొడుకులిద్దరినీ గోడ దగ్గరికి జరగమని, తన కుర్చీ ముసలామె దగ్గరికి లాక్కుంది.

"అవ్వా, నేను చెప్పేది బాగా వినండి. మీరు పేరు చెప్పి, ఆ రోజు రాసింది పొరపాటు అంటే, పట్టా మీ ఇంటాయన పేరుకి మారుస్తాను. అక్కడినుంచి మీ కొడుకులు చూసుకుంటారు. మీరు చెప్పకపోతే పట్టా ఇప్పుడున్నట్టే మీ కూతురి పేరున ఉంటుంది."

"అదే మంచిది కదా," అంది రంగమ్మాళ్. చాలా తొందరగా అంది.

అభిరామికి విషయం అర్థమైంది. లోకేశ్వరికీ అర్థమైంది. అవ్వ పేరు పలకలేక కాదు, పలకకుండా ఉండటానికే కారెక్కి వచ్చింది.

"మంచిది కాదవ్వా," అంది అభిరామి. "మీ కొడుకులు రేపు కోర్టుకి పోతారు. అక్కడ పట్టా చూసి ఊరుకోరు, పత్రం ఏదని అడుగుతారు. మీ కూతురి దగ్గర పత్రం లేదు. మీరు ఇక్కడ నోరు మూసుకుంటే చేను ఈ రోజుకి నిలుస్తుంది. రేపటికి నిలవదు."

రంగమ్మాళ్ వెనక్కి తిరిగి సెల్లాయిని చూసింది. సెల్లాయి నేల చూస్తోంది. కాళ్ళకి చెప్పులు లేవు, ఆఫీసు గుమ్మం బయట విప్పి వచ్చింది. ఆ ఆఫీసులో చెప్పులు విప్పి వచ్చింది ఆమె ఒక్కతే.

ముసలామె కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"గోవిందరాజు," అంది.

అభిరామి కలం తీసుకుంది.

"గోవిందరాజు. మా మామగారి రెండో కొడుకు గోవిందరాజు. సాలునా, ఇంకా కావల్నా?"

అరవై ఏళ్ళలో ఆ నోట ఆ పేరు ఎవరూ వినలేదు. హరిహరన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో అతనికే తెలియదు. సెల్లాయి ఎవరో కొట్టినట్టు తల ఎత్తింది. నటరాజన్ మట్టుకు చప్పట్లు కొట్టబోయి, ఆఫీసని గుర్తొచ్చి, చేతులు రుద్దుకున్నాడు.

"ముగిసె మేడమ్! రాసుకోండి. పొరపాటు అని రాసుకోండి."

"నేను ఇంకా ముగించలేదురా," అంది రంగమ్మాళ్. "కూసో."

కూర్చున్నాడు. యాభై ఏడేళ్ళ మిల్లు ముదలాళి.

"తాయీ, నువ్వు రాసుకో," అంది ఆమె అభిరామితో. "వీళ్ళంతా ఏమనుకొని ఉండారంటే, నేను మరియాద కోసరం ఆయన పేరు సెప్పలేదని. ఊరంతా అదే సెప్తారు, రంగమ్మాళ్ మాదిరి పెండ్లాం లేదని. మరియాద మొదటి ఇరవై ఏండ్లు ఉండె. ఆ పైన అంతా కోపం."

అభిరామి కలం ఆగింది.

"ఆ సేను పెండ్లైన కొత్తలో నా పుట్టింటి నగ అమ్మి కొన్న సేను. ఆయన పేరుకే రాసుకొనె. సరే అంటిని. ఆడపిల్ల పుడితే ఆ పిల్లకే అనె. సరే అంటిని. ఈ సెల్లాయి పుట్టె. మూడేండ్లు పోయె. అప్పుడు ఆ సేన్ని ఎవురికో అమ్మేదానికి మాట్లాడుకొని వచ్చె. నాకు ఒక మాట సెప్పలే. ఆ వారమే సర్వే ఆయన సంగిలి ఎత్తుకొని సేను కొలిసేదానికి వచ్చె. ఇంటాయన ఊళ్ళో లేడు. నేను పిల్లను సంకన వేసుకొని నిలుసుకొని ఉంటిని."

"అమ్మా, ఎవరిదని అడిగితే సెల్లాయి నాయనది అంటివి, అంతే కదా?" అన్నాడు నటరాజన్.

"నాయన అనలేదు. ఎవరిదమ్మా అని అడిగె, సెల్లాయిది అంటిని. పిల్లదా అని అడిగె. ఆమా, పిల్లదే అంటిని. తండ్రి పేరు సెప్పు అనె. అది మాత్రం సెప్పను అంటిని. ఆ దినం నాకు ఉండిన కోపానికి ఆ పేరు ఎట్ల సెప్పేది? పక్కన మేకలు మేపుతా ఉండిన ఇరుళప్పన్ సెప్పె. ఆయన రాసుకొని పోయె. పొరపాటు లేదు, గిరపాటు లేదు. నేను సెప్పిందే రాసినాడు."

కొడుకులు తెచ్చిన సాక్షి కొడుకుల అర్జీని కాళ్ళ కింద వేసి తొక్కి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. మూడు పేజీలు రాసిన వకీలు ఆ వేళ రాలేదు కనుక బతికిపోయాడు.

నటరాజన్ తేరుకున్నాడు. "మేడమ్, ఇంట్లో ఆడవాళ్ళు ఎవరో ఏదో సెప్తే సేను వాళ్ళదైపోతుందా? మా నాయనకి తెలీకుండా జరిగిన పని ఇది."

"తెలిసె," అంది రంగమ్మాళ్. "నోటీసు వచ్చె కదా, సదువుకొనె. నాతో నెల దినాలు మాట్లాడలే. నేనూ మాట్లాడలే. ఆ పైన ఒక దినం నన్ను పిలుసుకొని పొయ్యి పిల్ల పేరుకి పత్తిరం రాసి రిజిస్టర్ సేసి ఇచ్చె."

"అవ్వా!" లోకేశ్వరి లేచింది. "నేను విల్లంగం తీసితిని కదా. ఏమీ లేదు."

"యాడ తీసితివి?"

"మన రిజిస్టర్ ఆఫీసులో."

"ఆడ ఎట్ల ఉంటాది? రాసింది పెరియకుళంలో."

లోకేశ్వరి నోరు తెరిచింది. రోజుకి నలభైమందికి కాగితాలు తీసిచ్చే పిల్ల, ఇంట్లో ఉన్న ముసలామెను ఒక్క మాట అడగలేదు. అభిరామి మట్టుకు తల పంకించింది. "జరిగేది అప్పట్లో. పత్రంలో రెండు ఊళ్ళ నేలలుంటే, ఏ ఊరి ఆఫీసులోనైనా రిజిస్టరు చేసుకోవచ్చు. అక్కడినుంచి కబురు రాకపోతే ఇక్కడి విల్లంగంలో ఎక్కదు. పెరియకుళంలో మీకు నేలుందా అవ్వా?"

"ఒక తుండు మామిడి తోపు ఉండె ఆయనకి. రెండూ కలిపి రాస్తిని అనె. నాకు సదువు రాదు తాయీ. వేలు పెట్టమన్న సోట పెట్టితిని."

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని సెల్లాయి వెనకనుంచి ముందుకు వచ్చింది. "అమ్మా," అంది. "పదకొండేండ్లు ఆ సేన్లో కూలిదాని మాదిరి భయపడుకుంటా ఉంటిని. అన్నలు ఏ దినం పొమ్మంటారో అని. నాకు ఏల సెప్పలేదు?"

రంగమ్మాళ్ కూతురి వైపు తిరిగింది. "పత్తిరం సేతిలో ఉంటే సెప్పి ఉందును," అంది. "నా ట్రంకు పెట్టెలో అడుగున పెట్టితిని. మీ నాయన పదారో దినం కారియం ముగిసి, సుట్టాలంతా పోయినాక తెరిస్తే లేదు. లేని పత్తిరం గురించి సెప్పి, నిన్నూ నీ అన్నల్నీ కొట్టుకొమ్మందునా?"

అని ఆమె నటరాజన్ వైపు చూసింది. ఆ చూపు వెంట అందరూ చూశారు.

"ఎవరైనా దొంగ..." అని మొదలుపెట్టాడు నటరాజన్.

"అన్నా," అన్నాడు హరిహరన్. జీవితంలో మొదటిసారి ఆ తల అడ్డంగా ఊగింది. "ఆ దినం పెట్టె తాళంచెవి నీ మొలకి కదా ఉండె."

నటరాజన్ నీళ్ళు అడిగాడు. నీళ్ళు వచ్చాయి. గ్లాసు సగం తాగి బల్ల మీద పెట్టి, ముఖం తుడుచుకుని, ఒక్కసారిగా అరిచాడు. "ఆమా! నేనే తీసితిని! సేను కోసరం కాదు. అమ్మ కోసరం!"

"నా కోసరమా?" అంది రంగమ్మాళ్.

"నీకు సదువు రాదు. నాకు వస్తాది. ఏ దినమైనా ఎవురితోనైనా సదివించుకొంటావని భయపడి తీసితిని. దేవుడి మీద ఆన."

ఆ ఆనలో నిజం ఎంత, సోలార్ కంపెనీ ఎంత అనేది మనం తూచలేం. కాని అతని కళ్ళు చెమర్చిన మాట నిజం. అవి అంత సులువుగా చెమర్చే కళ్ళు కావు.

"సదివితే ఏమి?" అని అడిగింది సెల్లాయి. "నా పేరు లేదా దాంట్లో?"

"ఉండాది. సేను నీకే రాసినాడు. మామిడి తోపు..." అతను ఆగాడు. తల్లిని చూడలేక చెల్లెలి వైపు చూస్తూ చెప్పాడు. "మామిడి తోపు ఇంకో ఆడమనిషికి రాసినాడు. అదే పత్తిరంలో. నీ పేరు కింద ఆమె పేరు."

"ఎవరు?" అంది లోకేశ్వరి.

"పాంచాలి."

ఆ పేరు హరిహరన్ ఎప్పుడూ వినలేదు. సెల్లాయి వినలేదు. నటరాజన్ కాక ఆ గదిలో ఆ పేరు తెలిసినది ఇంకొక్కరికే. రంగమ్మాళ్ చేయి కుర్చీ చేతిని వెతుక్కుంది, దొరికాక గట్టిగా పట్టుకుంది.

అభిరామి చాలా మెల్లగా మాట్లాడింది. "అవ్వా, అసలు పత్రం ఎవరి దగ్గరున్నా పరవాలేదు. పెరియకుళంలో నకలు తీయవచ్చు. అది తెస్తే చేను మీ కూతురిదే, ఇంకెవరూ కదపలేరు. కాని నకలంటే మొత్తం పత్రం ఇస్తారు. సగం కాగితం ఇవ్వరు. రెండు పేర్లూ వస్తాయి. అందరూ చదువుతారు."

రంగమ్మాళ్ తల ఎత్తింది.

"తాయీ, ఇందాక నేను ఒక పేరు సెప్పితిని కదా."

"చెప్పారు అవ్వా. మూడుసార్లు."

"అది కొట్టెయ్యి."

అభిరామి కాగితం వైపు చూసింది. గోవిందరాజ్ అనే పేరు అక్కడ నీలిరంగు ఇంకులో ఇంకా పూర్తిగా ఆరలేదు. "కొట్టేస్తే మీ వాంగ్మూలమే ఉండదవ్వా. మీ కూతురికి ఇప్పుడున్నది అదొక్కటే."

రంగమ్మాళ్ సెల్లాయిని చూసింది. సెల్లాయి, "వొద్దమ్మా. సేను వొద్దు. మనం ఇంటికి పోదాము," అంటూ తల్లి చేయి పట్టుకుంది. ముసలామె ఆ చేతిని విప్పి, ఎర్రబారిన ఆ వేళ్ళ కొసలను ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఉండనీ తాయీ," అంది అభిరామితో. "కొట్టవద్దు."

తరువాత మనవరాలి వైపు తిరిగింది.

"లోకా, పెరియకుళానికి ఇప్పుడు బస్సు ఉండాదా సూడు."